ఆమె కట్టిన తోటాలు

పోయిన నెల కల్లూరులో షేరు ఆటో దిగి మందుల అంగడికి పోతుంటే ఒక వాసన నన్ను నిలబెట్టేసింది. పక్కనే బ్యాటరీలు బాగుచేసే అంగడి. లోపల ఒకతను పాత బ్యాటరీ పగలగొట్టి, సీసం పలకలు తీసి, ఇనప గరిటెలో కరిగిస్తున్నాడు. సీసానికి తనదంటూ పెద్ద వాసన ఉండదు. దాని మీద పేరుకున్న మసి, దుమ్ము కాలినప్పుడు మాత్రం గొంతులో ఒక చేదు తగులుకుంటుంది. నా వయసు ఆడవాళ్లకు ఆ వాసన తెలియాల్సిన పని లేదు. నాకు తెలుసు. ఒకప్పుడు అది నేను అన్నం వండుకున్న వంటింటి వాసన.

"ఏం కావాలవ్వా?" అని అడిగాడు అంగడాయన. ఏమీ వద్దని ముందుకు నడిచాను గానీ, ఆ రోజంతా ఆమె నాతోనే ఉంది.

ఆమె పేరు రాయను. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే వంశం తెలుస్తుంది. ఆ వంశం పిల్లలు ఇప్పుడు వ్యాపారాల్లో, ఉద్యోగాల్లో మర్యాదగా బతుకుతున్నారు. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది. మా ఇద్దరికీ అది సరిపోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలమది. కచేరీలు గుడారాల్లో నడిచేవి, గుమాస్తాలు సత్రాల్లో పడుకునేవాళ్లు, గొడ్ల పాకలకు కూడా అద్దెలు వచ్చేవి. మాది వేంపల్లె. ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వచ్చి, ట్రంకు పెట్టెతో, మా నాయనతో కర్నూల్లో దిగాను. పెళ్లికాని ఆడపిల్లకు ఒంటరిగా గది ఇచ్చేవాళ్లు ఊరంతా తిరిగినా దొరకలేదు. చివరికి పాతూర్లో ఒక మిద్దె ఉందనీ, ముందు గది ఇస్తారనీ ఎవరో చెప్పారు. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించారు.

"ఆమె ఒక మాదిరి మనిషిలేప్పా. మొగుడు పోయినాడు. తుపాకులూ అవీ..."

మా నాయన అక్కడికక్కడే వెనక్కి తిరిగాడు. నేను తిరగలేదు. ఎండ మండిపోతోంది, నా చేతిలో పెట్టె బరువుగా ఉంది. చివరికి ఆయనే నా వెంట వచ్చాడు.

తలుపు తీసిన మనిషి పొడుగ్గా, సన్నగా ఉంది. నలభై దాటి ఉంటాయి. ముదురు గోధుమరంగు నేత చీర, దాని మీద నడుముకు మగవాళ్ల తోలు బెల్టు. మా నాయన నమస్కారం పెట్టి వచ్చిన పని చెప్పాడు.

"గట్టిగా చెప్పప్పా. అన్నం తినలేదా?" అంది.

ఆయన గట్టిగా చెప్పాడు. ఇంకా గట్టిగా చెప్పమంది. ఆయన దాదాపు అరిచాక ఆమె చెవులు తడుముకుని, రెండు దూది ఉండలు బయటికి తీసి, "దీని పాసుగూల" అని నవ్వింది. అవి ఆదివారం పెట్టుకున్న దూది ఉండలు. మేం పోయింది సోమవారం. తర్వాత చాలా సోమవారాలు నేను కూడా అట్లాగే అరిచాను.

గది ఇస్తానంది. ఒకే ఒక్క షరతు పెట్టింది.

"వంటిల్లు ఇద్దరిదీ. నేను పని చేస్తాంటే మాత్రం నాతో మాట్లాడగూడదు. ఇల్లు కాలిపోతాన్నా సరే, భుజం తట్టు. మాట మాత్రం ఎత్తొద్దు."

ఏం పని అని నేను అడగలేదు. పచ్చళ్ల పనేమో అనుకున్నాను. రెండో రోజు పొద్దున పొయ్యి మీద ఇనప గరిటె, అందులో వెండిలాగా మెరుస్తూ కదులుతున్న ద్రవం కనిపించాయి. ఆమె కొంగు బిగించి, దాన్ని ఒక చిన్న ఇనప అచ్చులోకి వంచింది. అచ్చు విప్పి, నేల మీద పరిచిన తడి గోనెసంచి మీద తట్టింది. బొటనవేలి కొనంత సీసపు గుండు పొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. నేను అరవబోయి, షరతు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆమె కళ్లెత్తి నన్ను చూసి తల ఊపింది. ఆ ఇంట్లో నేను పాసయిన మొదటి పరీక్ష అది.

ఆమె రివాల్వరుకు తోటాలు కట్టేది. పేల్చిన తోటా ఇత్తడి గుల్లను పారేయకుండా తుడిచి, వెనక నిప్పు పుట్టించే కొత్త టోపీ అంటించి, లోపల తుపాకిమందు కొలిచి పోసి, పైన సీసపు గుండు కూర్చి మళ్లీ తోటా చేసేది. దానికో పనిముట్టు ఉంది, అడకత్తెరకు అన్నలాంటిది. తన దేశానికి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజినీరు ఇంటి సామాను వేలం వేస్తే వాళ్లాయన దాన్ని కొనుక్కొచ్చాడట. తుంగభద్ర ఒడ్డున వలలు నేసేవాళ్ల దగ్గర పాత సీసం దొరికేది. మందు, టోపీలు మాత్రం లైసెన్సు మీద పై ఊరినుంచి తెప్పించుకునేది. మందును వంటింట్లోకి రానిచ్చేది కాదు. పొయ్యి చల్లారి, బూడిద మీద నీళ్లు చల్లాకే నడవలో చాప పరిచి ఆ పనికి కూర్చునేది. ఎవరైనా తెలియక పలకరిస్తే ఒక్క మాట అనకుండా అప్పటిదాకా పోసినవన్నీ మళ్లీ కుమ్మరించి మొదటినుంచి మొదలుపెట్టేది. తిట్టినా బాగుండేదని పలకరించినవాళ్లకు అనిపించేది.

పేలీ పేలకుండా తుస్సుమన్న తోటాలను ఆమె 'మునసబులు' అనేది, పిలిచిన వెంటనే లేవరని. వాళ్లాయన మిగిల్చిపోయిన పాత గుల్లల్లో చీలిక పట్టింది కనిపిస్తే వెలుతురుకు పెట్టి చూసి, పక్కన రాయి మీద పెట్టి సుత్తితో చప్పగా కొట్టి పారేసేది. "ముసలిదైపాయె. పని చెప్తే మనకే ఎగదన్నుతాది" అనేది. ఊర్లో తోటాలమ్మే అంగడి ఉండగా ఈ యాతన ఎందుకని ఒకసారి అడిగాను.

"అంగడి తోటా పెండ్లింటి కూడు పాపా. ఎవరు వండినారో, యాడ వండినారో మనకు తెల్దు. ఇది నా చేతి కూడు."

అది సగం నిజమే. మిగతా సగం తర్వాత తెలిసింది. ఆ అంగడాయన ఆమెకు తోటాలు అమ్మేవాడు కాదు. వెనక గూట్లో పెట్టెలు కనబడుతూనే ఉండేవి. "అయిపాయెనమ్మా" అనేవాడు. ఆమె ఆ పెట్టెలకేసి చూపించేది. అవి వేరేవాళ్లవనేవాడు. మూడోసారి కూడా అదే మాట విన్నాక ఆమె మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. ఇంటికొచ్చి అటక మీదినుంచి ఇంగ్లీషాయన పనిముట్టు దించింది.

ఇంతకీ ఆడమనిషికి వారం వారం పోయి కుండలు కొట్టే ఈ గురి పిచ్చి ఎందుకని వీధిలో అందరూ అడిగేవాళ్లు. ఆమె మనిషికొక సమాధానం చెప్పేది. పక్కింటామెకు కళ్లు బాగుపడతాయని డాక్టరు చెప్పాడంది. పూజారికి మొక్కుబడి అంది. పాలమనిషికి "కుండలమ్మేవాడు నాకు అన్న వరస, వానికి బేరం కావాల గదా" అంది. నాకేమో, "ఏం, ముగ్గులేసేవాళ్లను అడుగుతాండావా ఎందుకేస్తాండారని?" అంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఓర్వకల్లు దిక్కు పోయేది. వాళ్లకు అక్కడ రాళ్లగుట్టల మధ్య కొంత మెట్టపొలం ఉంది. దాన్ని చేసుకునే మాబుసాబు, అరవై దాటినా వంగని మనిషి, మేం పోయేసరికి పగుళ్లిచ్చిన కుండలు, మూతిపోయిన కడవలు గుట్టల సందుల్లో పెట్టి ఉంచేవాడు. ఒకటి రాయి చాటున, ఒకటి వంపులో, ఒకటి మోకాలెత్తున. అవి ఎక్కడెక్కడున్నాయో ఆమెకు ముందుగా చెప్పకూడదు. ఆమె రివాల్వరు నడుముకు పెట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, రాళ్ల మధ్య నడుచుకుంటూ పోవాలి. కుండ కంటపడగానే తీసి కొట్టాలి. కొట్టి ఆగకూడదు, నడుస్తూనే ఉండాలి. రెండు చేతులతో పట్టుకునేది. తెల్లటి పొగ ఆమెను మింగేసేది. పొగలోంచి బయటికి వచ్చేటప్పటికి ఆమె చూపు అప్పుడే తర్వాతి రాయి మీద ఉండేది.

ఆ ఆట ఆమె భర్త కట్టిందట. ఆయన యుద్ధంలో పనిచేసి వచ్చాడు. మొదటిసారి నేను వెంటపోయిన రోజు, ఆమె రాళ్ల అవతల ఉండగా మాబుసాబు నీడలో కూర్చుని నాకు మిగతా సంగతి చెప్పాడు.

"కోర్టు వాయిదాకు పోయి బండిలో వస్తాంటే వంక కాడ అడ్డం పడినారమ్మా. నడుముకు రివాల్వరు ఉన్నింది. ఆరు తోటాలు అట్లనే ఉండె. తీసే యాళ లేకపాయె. కేసు అయిపోయినంక పోలీసోళ్లు రివాల్వరు, తోటాలు తిరిగిచ్చినారు. ఆమె మరిది అంతకుముందే శవం మీద చెయ్యి పెట్టి ఒట్టేసి ఉన్యాడు, ఆ ఆరు తోటాలు ఆ నాకొడుకుల్లోకే పోవాలని. ఊరంతా ఇనింది."

"మరి?"

"మరేముంది. అమ్మ కలెక్టరు కచేరీ అరుగు మీద కూసుని లైసెన్సు తన పేరు మీదికి మార్పిచ్చుకునింది. ఆ పొద్దే ఈడికొచ్చింది. మాబూ, కుండలు పెట్టు అనింది. నేనే పెట్టినా. ఆరూ కుండలకే కొట్టింది. గుల్లలు ఏరుకోని కొంగులో కట్టుకోని పాయె. ఆ పొద్దుటినుంచి మరిది ఆమె గడప తొక్కలే. అంగడోనికి గూడా చెప్పినాడు, ఆమెకు ఒక్క తోటా అమ్మితే చూస్కో అని."

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె వారం వారం తుడిచి, నింపి, పేల్చి, మళ్లీ నింపుతున్నవాటిలో ఆ ఆరు గుల్లలూ ఉన్నాయి. నింపిన తోటా ఒక్కటి కూడా ఇంట్లో నిలవ ఉండనిచ్చేది కాదు. శనివారం కట్టింది ఆదివారం అయిపోవాల్సిందే. వానొచ్చి బస్సు ఆగిపోయిన ఒక ఆదివారం, ముందురోజు కట్టిన తోటాలను మళ్లీ విప్పి మందు వేరు, గుండు వేరు చేసి పెట్టింది. "తోటా ఇంట్లో పడుంటే మనిషిని ఎతుక్కుంటాది పాపా. కాళీ గుల్ల ఎవర్నీ ఎతకదు" అంది.

వాళ్లాయన్ను చంపిన కేసులో శిక్షపడిన ఇద్దరూ పై కోర్టుకు పోయారు. సాక్ష్యం చాలలేదని అక్కడ వదిలేశారు. ఆ కబురు వచ్చిన రెండు మూడు రోజులకు, నేను బడికి బయలుదేరుతుండగా ఒక మనిషి వాకిట్లో నిలబడ్డాడు. తెల్లటి పంచె, భారీ శరీరం, వయసు ముప్పైకి అటూ ఇటూ. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే అన్నట్టు మంచం చివర కూర్చున్నాడు. ఆయనే మరిది. ఆమె ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు ఆయనకు పాలపళ్లు కూడా ఊడలేదట. అన్నం కలిపి పెట్టింది ఆమే.

ఆమె మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"వదినా, వాళ్లను వదిలేసినారు."

"ఇన్యా."

"పెద్దోడు ఈడనే, కర్నూల్లోనే తిరుగుతాండాడు. మీసం దువ్వుకుంటా."

"మీసం వానిది. దువ్వుకోనీ."

"రివాల్వరు ఇయ్యి. యాడో పోయిందని స్టేషన్లో చెప్పు. నీ పేరు యాడా రాకుండా నేను చూసుకుంటా."

"ఇయ్యను."

"అది అన్నది."

"మీ అన్నది గాబట్టే ఇయ్యను. ఒక చావు చూసింది అది. ఇంగొకటి చూపీను."

"ఊరు మన మీద ఉమ్మేస్తాండాది. ఆడదాని చేతికి తుపాకి ఇచ్చి, కుండలు పగలగొట్టిస్తా కూసున్యారంటాండారు నన్ను. పదిమందిలో తలెత్తుకోలేకుండా ఉండా." ఆయన గొంతు పెరిగింది. "ఇట్లనే చేస్తే రేపు నువ్వు చచ్చినా మోసేదానికి నలుగురు రారు వదినా."

"మొయ్యకపోతే కంపు మీకే కొడతాది అబ్బీ. నాకు గాదు."

ఆయన లేచాడు. గడప దాటి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆమె ఆ మజ్జిగ చెంబు తీసుకుని తనే తాగేసింది. తాగేటప్పుడు చెంబు పంటికి తగిలి చప్పుడైంది.

ఆ నెలలోనే కొత్తగా పెట్టిన ఆఫీసర్ల క్లబ్బువాళ్లు జిల్లాలో లైసెన్సు ఉన్నవాళ్లందరికీ రివాల్వరు గురి పోటీ అని చాటించారు. ఆమె నన్ను వెంటబెట్టుకుని క్లబ్బుకు పోయింది. దాని వ్యవహారాలు చూసే అధికారి గుంటూరు దిక్కు మనిషి, నెమ్మదస్తుడు. లేచి నిలబడి మర్యాద చేశాడు.

"ఆడవాళ్ల చేత బహుమతులు ఇప్పించాలని మేమూ అనుకుంటున్నామండీ. మీరు తప్పకుండా రావాలి."

"ఇచ్చేదానికి నా కాడ ఏముండాది సారూ? గెల్చుకునేదానికి వచ్చినా."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన పుస్తకం తీసి నిబంధనలన్నీ చదివాడు. ఆడవాళ్లు పనికిరారని ఎక్కడా లేదు. అది రాయాల్సి వస్తుందని దాన్ని రాసినవాళ్లకు తోచలేదు.

పోటీ పోలీసు మైదానంలో. రాజధాని అయ్యాక కర్నూల్లో ఏం జరిగినా జనం విరగబడి వచ్చేవాళ్లు. తాళ్లు కట్టారు. ఎదురుగా మట్టికట్ట, దాని ముందు చట్రాలకు అంటించిన, గుండ్రటి గీతలున్న కాగితాలు. ఒక్కొక్కరూ వచ్చి ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచెయ్యి చాచి, ఈల వేసినప్పటినుంచి మళ్లీ ఈల వేసేలోపల ఆరు గుళ్లు కొట్టాలి. పోలీసు అధికారులు కొట్టారు, ఒకరిద్దరు భూస్వాములు కొట్టారు. ఆమె వంతు వచ్చింది. చీర కుచ్చిళ్లు బెల్టులో దోపుకుని, దూది కుక్కుకుని రెండు చేతులతో రివాల్వరు ఎత్తింది.

"రెండు చేతులా అమ్మా?" అన్నాడు క్లబ్బు అధికారి ఆమెకు వినబడేలా.

"దేవుడు రెండిచ్చినాడు సారూ."

జనం నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగింది. ఎందుకు ఆగిందా అని నేను అటు చూశాను. మైదానం పక్క ప్రహరీగోడ మీద, భుజాన తువ్వాలు వేసుకుని, కాళ్లు ఇటు వేలాడేసి ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొద్దికొద్దిగా జరిగి ఆయన్ను ఒంటరిగా వదిలేశారు. ఎవరూ చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. కోర్టు వదిలేసినవాళ్లలో పెద్దోడు. 'నేను విడుదలయ్యాను, ఏం చేస్తావో చెయ్యి' అని చెప్పడానికే వచ్చి కూర్చున్నాడు. తాడు పక్కనే, నాకు మనిషి ఎడంలో, ఆమె మరిది నిలబడి ఉన్నాడు.

ఆమె కూడా చూసింది. తల తిప్పి గోడకేసి చూసి, చాలాసేపు చూసి, మళ్లీ కాగితం వైపు తిరిగింది. ఈల పడింది.

మొదటి గుండుకే పొగ తెరలాగా లేచింది. అధికారులు దగ్గుకుంటూ రుమాళ్లు తీశారు. మిగతావాళ్ల అంగడి తోటాలకు అంత పొగ రాలేదు. ఆమె ఆ పొగలోనే నిదానంగా ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోయింది. కాగితం నడుమ భాగం చిల్లులు పడటం ఇక్కడికే కనబడుతోంది. ఆఖరిది మాత్రం టిక్కుమంది. పేలలేదు.

మైదానమంతటికీ వినిపించింది ఆ టిక్కు.

ఆమె కదల్లేదు. మునసబు తోటా ఒక్కోసారి ఆలస్యంగా లేచి పేలుతుంది, దించకూడదు. గొట్టం మట్టికట్టకేసి పెట్టి అట్లాగే ఉంది. ఈల పడింది.

"సమయం అయిపోయిందమ్మా. దించండి."

ఆమె దించలేదు. అప్పుడు మరిది తాడు మీదికి వంగి, నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు. "వదినా. ఇంగా ఒకటుండాది."

"తెలుసు" అంది ఆమె. ఆ రోజు ఆమెకు దూది చెవుల్లోంచి కూడా వినబడింది.

గోడ మీద మనిషి చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది. ఆమె బొటనవేలితో రివాల్వరు చక్రం తిప్పి, ఆ పేలని తోటాను మళ్లీ సుత్తి కిందికి తెచ్చింది. తెచ్చి కాగితానికే కొట్టింది. ఈసారి పేలింది.

"ఈ గుండు లెక్కలోకి రాదు. ఈల తర్వాత కొట్టినందుకు మొత్తమే రద్దు చేయాల్సి వస్తుంది" అన్నాడు అధికారి. ఆయన ముఖం ఎర్రబడింది.

"లెక్క మీది సారూ. కాళీ చేసేది నాది."

రివాల్వరును కీలు దగ్గర విరిచి తెరిచింది. గుల్లలు నేల మీద పడ్డాయి. తెరిచిన చక్రాన్ని ఆకాశానికి పెట్టి చూపింది. అధికారికి చూపింది, గోడ మీద మనిషికి చూపింది, చివరికి మరిదికి చూపింది. ఆరు ఖాళీ కన్నాల్లోంచి ఎండ కనబడింది. తర్వాత వంగి గుల్లలు ఏరుకుని, బహుమతులు ఇవ్వడం మొదలుకాకముందే ఇంటిదారి పట్టింది.

ఆ మధ్యాహ్నమే మరిది వచ్చాడు. మేం అప్పుడే సంగటి ముద్దలు చేసుకుని కూర్చున్నాం. ఈసారి మంచం మీద కాదు, గడప లోపల నేల మీద కూలబడ్డాడు.

"వాణ్ని చూసినావు గదా" అన్నాడు.

"చూసినా."

"నీకేమీ అనిపించలేదా?"

"అనిపించింది. కొట్టాలనిపించింది అబ్బీ. నిజమే చెప్తాండా. వాని తువ్వాల ఎంత ఎత్తున ఉండాదో గూడా చూసుకున్యా."

ఆయన తలెత్తాడు. "మరేంటికి కొట్టలే?"

ఆమె ముద్ద పక్కన పెట్టింది. "వాడొచ్చి గోడ మీద కూసున్యాడు, కొట్టు అని. నువ్వు తాడు కాడ నిలబడినావు, కొట్టు అని. జనమంతా నోరు తెర్చుకోని చూస్తాండారు, కొడతాదని. ఇంతమంది చెప్పినట్టు చేసేదానికి నాకేం కర్మ? మీ అన్న చెప్తేనే నేను ఇనేదాన్ని గాదు."

ఆయన ముఖం ఒక్కసారిగా వదులైపోయింది. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు, తువ్వాలుతో కళ్లు అదిమి పట్టుకున్నాడు. ఆమె ఓదార్చలేదు. ఇంకో పళ్లెం తెచ్చి, సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంటచేసి ఊరిమిండి పచ్చడి వేసి ఆయన ముందుకు తోసింది. ఆయన తిన్నాడు. తిన్న పళ్లెం తనే కడిగి బోర్లించి పోయాడు.

పగ అంతటితో ఆరిపోయిందని చెప్పను. ఆయన తర్వాత కూడా ఊర్లో ఆ మాట ఎత్తేవాడని విన్నాను. ఆమె ముందు మాత్రం ఎత్తలేదు. నేను అక్కడున్నన్నాళ్లూ ఆ రెండిళ్లలో ఎవరూ చావలేదు. ఆయనకు వేరే తుపాకీ దొరకక కాదు. ఎందుకో నాకు తెలియదు, తెలిసినట్టు రాయడం నాకు ఇష్టం లేదు. తోటాల అంగడాయన మాత్రం ఒకరోజు ఇంటికే వచ్చి, సరుకు వచ్చిందమ్మా అని చెప్పాడు. "నాకేంటికప్పా, నేనే కట్టుకుంటాండా గదా" అని చెప్పి పంపేసింది.

రాజధాని హైదరాబాదుకు పోయింది. నాకు కడపకు బదిలీ అయింది. ఆమె పోయిన సంగతి చాలా కాలానికి, అదీ పరాయివాళ్ల నోట విన్నాను. కానీ ఆమెను తలుచుకుంటే నాకు కళ్లముందుకొచ్చేది పోలీసు మైదానం కాదు, దాని తర్వాతి ఆదివారం.

ఆ వారంలో క్లబ్బు అధికారి మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, ఇంట్లో కట్టుకున్న తోటాలు ఇకపై పోటీలకు పనికిరావని క్లబ్బు తీర్మానించిందని చెప్పాడు. ప్రమాదమనీ, పొగ అనీ చాలా కారణాలు చెప్పాడు. అన్నీ చెప్పాక, నిజానికి గురిలో ఆ రోజు ఆమెను మించినవాళ్లు లేరని కూడా చెప్పాడు. అది చెప్పకుండా పోవడం ఆయన వల్ల కాలేదు.

ఆమె అంతా విని, "సరే సారూ. మీ పోటీకి నేను రాను. నా పోటీకి మీరు రాండి" అంది.

ఆయన వస్తాడని నేను అనుకోలేదు. ఆదివారం పొద్దున ఓర్వకల్లు రోడ్డు మీద జీపు ఆగింది. ఇస్త్రీ చొక్కా, బూట్లు, తోలు సంచిలో రివాల్వరు, నిండుగా అంగడి తోటాలు. మాబుసాబు ఆయనకు సలాం చేసి కుండలు పెట్టడానికి పోయాడు. ఎక్కడ పెడుతున్నారో చూపించమని అధికారి అడిగాడు. చూపించరని ఆమె చెప్పింది. ఎంత దూరంలో ఉంటాయని అడిగాడు. కనబడినంత దూరమని చెప్పింది.

ఆయన రాళ్లలోకి దిగాడు. మేం పక్క గట్టు మీదినుంచి చూస్తూ నడిచాం. నాలుగడుగులు పోయేసరికి ఎడమ చేతి పక్క రాయి చాటున కుండ కనబడింది. ఆయన ఠక్కున ఆగాడు. కాళ్లు సరిచేసుకుని, పక్కకు తిరిగి, ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి గురి చూడటం మొదలుపెట్టాడు. చెమట చెంపల మీదికి కారుతోంది. ఆయన ఇంకా గురి చూస్తూనే ఉన్నాడు. కుండ పెట్టిన రాయి వెనక నుంచి బాగా పక్కకు తప్పుకుని కూర్చున్న మాబుసాబు, ఏమైందోనని ఇటు తొంగిచూడబోయి మళ్లీ తగ్గాడు.

ఆమె రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, గుట్టలు మారుమోగేలా కేకేసింది.

"నిలబడినారేంటికి సారూ? నడవండి."